చిలుకలో ప్రాణము, పచ్చరాతిలో భయము

బలవంతుని బలహీనుడు గెలుచుట యెట్లన్న ప్రశ్నకు ఉత్తర మద్రాసులోని రాయపురమున పెరిగిన తెలుగు పిల్లవానికి మూడు తావులలో మూడు తీరుల సమాధానములు దొరకెడివి. ఇంటిలో అమ్మమ్మ చెప్పు కథలలోను, నెల నెల వచ్చు 'చందమామ'లోను ఒక సమాధానము. వీధి మొగను చిల్లరకొట్టులో త్రాటికి వ్రేలాడు శివకాశి తమిళ బొమ్మల పుస్తకములలో వేరొకటి. సెంట్రల్ స్టేషను ప్రక్కనున్న మూర్ మార్కెట్టులో, అట్టలూడి, మూలలు నలిగి, ఎన్ని చేతులు మారియో వచ్చిన అమెరికా కామిక్సులలో ఇంకొకటి. 1985లో మూర్ మార్కెట్టు అగ్నికి ఆహుతి యైనది, చందమామ యాగిపోయినది, శివకాశి పుస్తకములు మాత్రము నేటికిని అచ్చగుచున్నవి. ఆ మూడు సమాధానములను ప్రక్కప్రక్కన నుంచి చూచినవానికి ఒక సంగతి స్ఫురింపక మానదు: మర్మము ఎవని యందు దాచబడినది, దానిని వెదకుచు తిరుగువాడెవడు, అను రెండును తెలిసినచో, ఆ కథ చెప్పినవాడు ఏనుగుమీద కూర్చుండి చెప్పుచున్నాడో, దాని కాళ్ళ సందున నిలిచి చెప్పుచున్నాడో తేల్చివేయవచ్చును.

ఇట్టి విచారణకు రాయపురము తగని చోటు కాదు. 1856లో దక్షిణదేశపు తొలి రైలు బయలుదేరినది ఇచ్చటినుండియే. ఆనాటి స్తంభముల వరుసతో నేటికిని నిలిచియున్న ఆ స్టేషను, దేశమున మిగిలిన రైలు భవనములలో ప్రాచీనతమమని పేరు పొందినది. పడవవాండ్ర చర్చియు, 1910 నాటి పారసీకుల అగ్ని దేవాలయమును, కాశిమేడు చేపల రేవును ఒకదానికొకటి కూతవేటు దూరముననే యున్నవి. తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా తమిళుల నడుమ కాపురముండి, ఇంట నొక భాషలోను వీధిలో నొక భాషలోను బ్రతుకుటకు అలవాటు పడినవి. అంతేకాదు, ఉత్తర మద్రాసున బలమనునది కేవలము కథలలోని వస్తువు గాదు. సర్పట్ట పరంపర, ఇడియప్ప నాయకర్ పరంపర మున్నగు పేరులతో బాక్సింగున గురుశిష్య సంప్రదాయములు వెలసి, ఒకరితో నొకరు పంతములాడి, పేటలకు పేటలనే రెండు పక్షములుగా చీల్చిన నేల యిది. ఎదుటివాని పిడికిలి యెంత బరువో అందరికిని కనబడును; గుద్దు విసరునపుడు వాని ఎడమ చేయి దవడను విడిచి ఎంత క్రిందికి జారుచున్నదో కనిపెట్టువాడే గురువు. బలము నంగడిలో పెట్టి చూపవచ్చును గాని, బలహీనతను చూచుటకు కన్ను కావలెను. ఆ కన్ను ఏ పాత్రకున్నదో గమనించుచు కథలు చదువుట యొక వినోదము.

మొదట మన కథ. బాలనాగమ్మ కథ యెరుగని తెలుగువాడు ఒకప్పుడు లేడు. బుర్రకథలవారు పాడిరి, నాటకములవారు ఆడిరి, 1942లో జెమినీ సంస్థ మద్రాసున చలనచిత్రముగా తీసి, కాంచనమాలను బాలనాగమ్మగాను, గోవిందరాజుల సుబ్బారావును మాయల మరాఠీగాను తెరపై నిలిపినది. ఆ మాంత్రికుడు మామూలు దుష్టుడు కాడు. రాణిని కుక్కగా మార్చి తోడ్కొని పోగలడు. ఎదిరింప వచ్చిన వీరులను శిలలు గావింపగలడు. ఖడ్గము వానిని తెగవేయదు. వానిని జయించినది సైన్యము గాదు, బాలనాగమ్మ కొడుకు, పసివాడైన బాలవర్ధిరాజు. జయించుటకు సాధనము, సప్తసముద్రముల కావల నెక్కడనో, ఒక చెట్టుకొమ్మపై నున్న చిలుక. ఆ చిలుక రెక్క విరిచిన వాని చేయి విరిగినది. మెడ నులిమిన వాడు కూలినాడు.

ఈ కథ తెలుగునాటికే పరిమితము కాదు. మేరీ ఫ్రీర్ అను ఆంగ్లవనిత, తన యింట ఆయాగా నున్న అన్నా లిబెరాటా డిసౌజా చెప్పగా విని వ్రాసికొని, 1868లో లండనున అచ్చొత్తించిన దక్కను కథల సంపుటములో పంచ్‌కిన్ అను మాంత్రికుడున్నాడు. వాని చెరలోని రాణి పేరు బాల్నా. వాని ప్రాణమును చిలుకలోనే యున్నది. పేరుల పోలిక చూచిన ఒకే కథ రెండు వీధులలో తిరుగుచున్నట్లు తోచును. తరువాత జేమ్స్ ఫ్రేజరు తన 'గోల్డెన్ బో' గ్రంథమున, దేహమునకు వెలుపల ప్రాణమును దాచుకొనువారిని గూర్చి దేశదేశముల కథలను ప్రోగుచేయుచు, దీనికిని తావిచ్చెను. రష్యనుల కథలలో ఆ ప్రాణము గ్రుడ్డులోని సూదిమొనయందుండును. మైరావణుని ప్రాణములను మనవారు తుమ్మెదలలో దాచిరి.

నాకు ఆ కథలో చిలుక కంటె ముఖ్యముగా తోచునది వేరొకటి. ఆ రహస్యము లోకమున మాంత్రికునికి తప్ప మరియొకనికి తెలియదు. గూఢచారులు లేరు, గ్రంథములలో లేదు. తెలియుటకు ఒకటే మార్గము: వాడు తనంతట తానే చెప్పవలెను. చెప్పుచున్నాడు గూడ! పంచ్‌కిన్‌తో బాల్నా నాలుగు మంచి మాటలాడి, నీవు అమరుడవా, మనుష్యమాత్రుడవా యని అడిగినంతనే, అంతవరకును మాయలకు మాయలు పన్నిన ఆ మహామేధావి, అడవి గుర్తులు, చెట్ల గుర్తులు, కావలి రాక్షసుల సంఖ్యతో సహా అంతయు వివరించి చెప్పును. పిల్లలకు ఇచ్చట నవ్వు వచ్చును. పెద్దలకు రావలసినది మరియొకటి: బలవంతుడు ఎంతటి బలవంతుడైనను, తన బలమును మెచ్చుకొనువారు ఎదుట లేనిదే నిలువజాలడు. చిలుక మర్మము కాదు. చెప్పవలెనను కోరిక మర్మము.

1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో ఈ సూత్రమునకే ఇంకొక రూపము కలదు. చందమామను స్థాపించిన నాగిరెడ్డి చక్రపాణులే ఈ చిత్రమునకును నిర్మాతలు, కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. నేపాళ మాంత్రికుడు సకల శుభలక్షణములు గల సాహసిని వెదకి తెచ్చి, భైరవికి బలి యిచ్చి, అడిగినదెల్ల నిచ్చు ప్రతిమను సంపాదింపవలెనని పూనుకొన్నవాడు. ఎస్.వి. రంగారావు ఆ పాత్రను ధరించి, ప్రక్క చూపుతోను, సాగదీసిన పలుకుతోను ప్రేక్షకులను ఎంతగా వశపరచుకొనెననగా, కథానాయకుడు తోట రాముడు రాజకుమార్తెను పెండ్లాడెనన్న సంగతి మరచినవారున్నారు గాని మాంత్రికుని మరచినవారు లేరు. వాని శక్తి గడ్డమునందున్నది. ఆ గడ్డమును ఎవరును పెరికివేయలేదు. రాజకుమారికి నచ్చవలెనన్న, యీ గడ్డము పోవలెనని రాముని మిత్రుడు అంజి, మాంత్రికుని శిష్యుని రూపమున వచ్చి చెప్పిన మాటకు లోబడి, వాడు తానే తీసివేసికొనెను. మూడు లోకములను గెలువబూనినవాడు అందగాడనిపించుకొనవలెనన్న ముచ్చటకు చిక్కి చెడినాడు. ఇంతకంటె రమణీయమైన పరాజయమును నేను అమెరికా కామిక్సులలో చూడలేదు.

చందమామ పాఠకులకు ఈ మాంత్రికులు ఇరుగుపొరుగువారివలె పరిచితులు. 1952లో ఆ సంపాదక వర్గమున చేరిన దాసరి సుబ్రహ్మణ్యము 'తోకచుక్క' మొదలుకొని 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'భల్లూక మాంత్రికుడు' వరకు దశాబ్దముల తరబడి ధారావాహికలు వ్రాసి, చిత్రా గారి కుంచె తోడుకాగా, నెల తిరుగునంతవరకు పిల్లలకు నిద్ర పట్టకుండ చేసెను. ఆ కథలలో మాంత్రికునికి మాంత్రికుడే శత్రువు. ఒకని గుట్టు మరియొకడు పొంచి తెలిసికొనును. నడుమ ఇద్దరు యువకులు, తమకు మంత్రమును లేదు మర్మమును లేదు గనుక, బ్రతికి బయటపడుదురు. దాచుకొనదగినది ఏదియు లేనివాడు దొంగలకు భయపడడు గదా.

పురాణములలోనికి పోయినచో ఈ మర్మము చట్టపు భాషను ధరించును. హిరణ్యకశిపుడు కోరిన వరమును న్యాయవాది యొకడు వ్రాసిన దస్తావేజువలె చదువవచ్చును: పగలు కాదు, రాత్రి కాదు; లోపల కాదు, వెలుపల కాదు; నరునిచే కాదు, మృగముచే కాదు; నేలపై కాదు, నింగిలో కాదు. మినహాయింపుల నన్నిటిని పేర్కొన్నవాడు, ఆ మినహాయింపుల నడుమ ఎంత సందు మిగిలినదో చూచుకొనలేదు. సంధ్యాకాలము, గడప, నరసింహుడు, తొడ, గోళ్ళు: ప్రతి బలహీనతయు వాని వరములోని ఒక్కొక్క పదముయొక్క నీడయే. తంజావూరు సీమలోని మెలట్టూరున వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు 'ప్రహ్లాద చరిత్రము'ను ఏటేట నరసింహజయంతికి నేటికిని భాగవతమేళముగా ఆడుదురు. నరసింహుని ముఖమునకు పూజలు జరుగును. దానిని ధరించువాడు ఉపవసించును. తమిళదేశపు గ్రామమున తెల్లవారువరకు తెలుగు పద్యములతో కొనసాగు ఆ ప్రదర్శనమున, ప్రతినాయకుని దర్పమే రాత్రి యంతయు రంగమును నడిపించును. దైవము వచ్చునది కడపటి గడియలో.

ఇంతవరకును చెప్పినవారందరు దుష్టులు. ఇప్పుడు అట్లాంటికు దాటి పోవుదము. అక్కడ చిలుక చేతులు మారినది.

క్లీవ్‌లాండు నగరమున జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇద్దరు కుర్రవాండ్రు 1933లో తమ స్వంత చిన్నపత్రికలో 'సూపర్‌మాన్' అను పేరుతో మొదట వ్రాసిన కథలో, ఆ పేరు గలవాడు నాయకుడు కాడు. ఒక రసాయనము మ్రింగి పరుల మనస్సులను చదువగలిగిన బోడితల దుర్మార్గుడు. మందు ప్రభావము తగ్గగానే వాడు మరల ఆకలిగొన్న బికారి యైపోవును. ఐదేండ్లకు, 1938లో, ఆ పేరునే వేరొకనికి పెట్టి, ఎర్రని వల్లెవాటు తొడిగి, కారు నొకదానిని తలపై కెత్తించి 'యాక్షన్ కామిక్స్' తొలి సంచికలో ప్రకటించిరి. ఆ పాత్రపై సర్వహక్కులకు వారికి ముట్టినది 130 డాలర్లు. మాయల మరాఠీ సైతము ఇంతటి బేరము చేయలేదు.

కష్టము అప్పుడే ప్రారంభమైనది. గుండు తగిలిన చలింపని వానికి, రైలు నాపగలవానికి, కొన్నాళ్ళకు గ్రహములనే త్రోయగలవానికి కథ యెట్లు కట్టుట? అపజయము సాధ్యము కానిచోట ఉత్కంఠకు చోటు లేదు. 1940లో ప్రతినాయకుడుగా లెక్స్ లూథర్ వచ్చెను. వానికి బలము లేదు, మేధ మాత్రమే యున్నది. కాని మేధావికి పట్టు దొరకవలె గదా. 1943లో రేడియో నాటకమున క్రిప్టోనైట్ పుట్టినది: నాయకుని జన్మగ్రహము పగిలి రాలిన శిల, దాని సమీపమున వాడు నీరసించి కూలును. 1949లో అది పుస్తకముల లోనికి వచ్చి, పచ్చని కాంతితో స్థిరపడినది. ఆ దినమునుండి అమెరికా కథలలో పాత్రలు తారుమారైనవి. మన దేశమున బాలవర్ధిరాజు చేసిన పనిని, అనగా సముద్రములు దాటి మర్మమును వెదకి తెచ్చు పనిని, అక్కడ ప్రతినాయకుడు చేయవలసి వచ్చెను. లూథర్ చేతిలోని పచ్చరాయి మన చిలుకయే. పంజరము మాత్రము మంచివానిదైనది.

ఇది యాదృచ్ఛికమని నేననుకొనను. చిలుక కథలు చెప్పినవారు రాజులకును, దొరలకును, షావుకార్లకును భయపడి బ్రతికినవారు. వారి యెరుకలో బలమనగా ఎదుటివానిదే. కావున బలవంతునికి ఎక్కడనో ఒక చిలుక యుండితీరవలెనని వారు నమ్మిరి, నమ్మక గతి లేదు. అమెరికా దినదినమునకు బలపడుచున్న కాలమున ఆ దేశపు బాలురు చదివిన కథలో బలము మనదే. ఎవడో మన మర్మమును కనిపెట్టుచున్నాడన్న శంక మిగిలినది. సీగెలు షూస్టరులు పేదయింటి బిడ్డలే యన్నది నిజము. వారి తొలి సూపర్‌మాన్ లంచగొండులను, కార్మికుల ప్రాణముతో ఆడుకొను గని యజమానులను దండించువాడన్నదియు నిజము. క్రిప్టోనైట్ వచ్చునప్పటికి ఆ కోపము చల్లారి, కాపలాదారుని కలవరము ప్రవేశించినది.

ఆ మర్మములలో పేలవములైనవియు మెండు. గ్రీన్ లాంటర్న్ అను వీరుని ఉంగరము లోకమునందలి సమస్తమును శాసించును గాని, 1940 నాటి వాని ఉంగరము కొయ్యపై పనిచేయలేదు. 1959లో ఆ పేరుతో వచ్చిన వేరొకని ఉంగరము పసుపుపచ్చని వస్తువుపై పనిచేయలేదు. వడ్రంగి యొకనిచే ఓడదగిన మహావీరుడు, పసుపు కొమ్ముకు జడిసెడి మహావీరుడు! మన పేరంటములకు వాడు రాజాలడు. వండర్ వుమన్ కంకణములను పురుషుడు బంధించినచో ఆమె శక్తి పోవుననిరి. అది కొంత నయము, అందులో ఒక అర్థమైన నున్నది. కుజగ్రహము నుండి వచ్చినవాడు నిప్పునకు వెరచును. ఇవన్నియు కథకుడు అవసరమునకు వెలుపలినుండి తెచ్చి తగిలించిన తాళములు; నాయకుని స్వభావముతో వానికి బంధుత్వము లేదు. పచ్చరాయి చేతికందలేదా, కథ లేదు. అందినదా, ఏ చేతగానివాడైనను గెలుచును.

దీనికి భిన్నముగా మన పురాణములలోని వీరుల లోపమును చూడుడు. కర్ణుడు అడిగినవానికి లేదనడు. అందువలననే కవచకుండలములు పోయినవి. గురువునొద్ద అబద్ధమాడి నేర్చిన బ్రహ్మాస్త్రము, కావలసిన క్షణమున గుర్తునకు రాదు. శ్రీకృష్ణుడు దుర్వాసుని ఆజ్ఞపై దేహమంతట పాయసము పూసికొని, గౌరవమువలన పాదతలమును మాత్రము విడిచెనని భారతము చెప్పును. బోయవాని బాణము తగిలినది అచ్చటనే. ఎచ్చట గుణమున్నదో అచ్చటనే గాయము. హనుమంతుని సంగతి మరియు విచిత్రము. బాల్యమున ఋషుల ఆశ్రమములలో చేసిన అల్లరికి వారు శపింపగా, తన బలము తనకు తెలియకుండ పోయినది. ఎవరైన గుర్తు చేసినగాని అది మేలుకొనదు. సముద్రతీరమున వానరవీరులందరు ఎవడెంత దుముకగలడో లెక్కలు వేయుచుండగా, అందరికంటె బలవంతుడు ఒక మూల మౌనముగా కూర్చుండియుండెను. జాంబవంతుడు పోయి పలుకరింపవలసి వచ్చెను. ఏ రాతితోను పనిలేని, ఏ శత్రువునకును చిక్కని బలహీనత యిది. పోవలెనన్న ఒక మిత్రుడు కావలెను. ప్రపంచపు వీరగాథలలో ఇంతకంటె ఘనమైన కల్పన కలదేమో నేనెరుగను.

అమెరికావారిలో దీనికి సమీపమునకు వచ్చినది బాట్‌మాన్ కథ యొక్కటే యని నా యభిప్రాయము. వాడు మనుష్యమాత్రుడు; చంపను అన్న వ్రతమొక్కటియే వాని లోపము. ఆ వ్రతమును ఆధారము చేసికొని బ్రతుకువాడు జోకర్. 1940లో, బాట్‌మాన్ తొలి సంచికలోనే, వానిని చంపివేయదలచి కథ ముగించిరట. ఇంత మంచి దుర్మార్గుని పారవేయుదుమా యని సంపాదకుడు అడ్డుపడి, ఇంకను ప్రాణము మిగిలియున్నదని చెప్పు బొమ్మ నొకదానిని చివర చేర్పించెను. ఆ ఒక్క బొమ్మ విలువ నేటికి ఎన్ని కోట్లో! 1954లో డాక్టరు వెర్థామ్ అను మనోవైద్యుడు ఈ పుస్తకములు బాలురను చెరచుచున్నవని గ్రంథము వ్రాయగా, ప్రచురణకర్తలు భయపడి తమకు తామే ఒక నియమావళి కల్పించుకొని, మంచి గెలువవలెను, చెడు ఎల్లప్పుడు శిక్షింపబడవలెనని శాసించుకొనిరి. ఫలితముగా దుర్మార్గులు కొంతకాలము కోరలు తీసిన పాములైరి.

ఇక మా చిల్లరకొట్టు త్రాడు. 1972లో శివకాశి నుండి ముత్తు కామిక్స్ తొలి సంచికగా వెలువడినది 'ఇరుంబుక్కై మాయావి'. మూలము 1962లో బ్రిటనున 'వాలియంట్' పత్రికలో కెన్ బల్మర్ రచనతో, హేసూస్ బ్లాస్కో అను స్పానిష్ చిత్రకారుని గీతలతో ఆరంభమైన ఇనుపచేతి కథ. లూయీ క్రాండెల్ ప్రయోగశాలలో ప్రమాదమున కుడిచేయి పోగొట్టుకొని ఉక్కుచేయి తొడిగించుకొనెను. విద్యుదాఘాతము తగిలినంత వాని దేహము అదృశ్యమగును. చేయి మాత్రము కనబడుచునే యుండును. గాలిలో తేలుచు, తాళము తీయుచు, తుపాకి పట్టుచు తిరుగు ఒంటరి ఉక్కుచేయి! బ్లాస్కో నలుపు తెలుపులలో గీచిన ఆ బొమ్మలు చూచిన రాత్రి స్విచ్చి ముట్టుకొనుటకు మేము జంకెడివారము. ముట్టుకొనవలెనని లోలోపల ఉబలాటపడిన వారును లేకపోలేదు.

ఆ పాత్రను నేను పచ్చరాతి వీరులకంటె ఎక్కువగా మెచ్చుకొనుటకు కారణమున్నది. వాని లోపము వాని శక్తికి అంటుకొనియే యున్నది. అదృశ్యుడగుట వరమైన, కనబడు చేయి వాని ఆనవాలు. పోయిన అవయవమే పట్టియిచ్చును. పైగా, మొదటి కథలో క్రాండెల్ మంచివాడు కాడు: మతి చెడి, దొంగయై, నగరములను గడగడలాడించి, తరువాతనే దారికి వచ్చి గూఢచారి యయ్యెను. ప్రతినాయకుడే నాయకుడగుట తమిళ బాలురకు ఎంతగా నచ్చినదో, 1984లో ఆరంభమైన లయన్ కామిక్స్ వలన మరల తెలియవచ్చినది. అందు ప్రసిద్ధి పొందిన 'స్పైడర్', మొనదేలిన చెవులతోను నల్లని బిగుతు దుస్తులతోను తిరుగు నేరస్థుల రారాజు. లోకమునందలి దొంగలలో తానే అగ్రగణ్యుడు కావలెనన్నదే వాని ఆశయము. ఇతర దుర్మార్గులు పోటీకి వచ్చిరన్న రోషముతో వారిని అణచబోయి, కాలక్రమమున మంచివాడై కూర్చుండెను. ఈ కథలను 1960లలో బ్రిటిష్ పత్రిక 'లయన్' కొరకు ఎక్కువగా వ్రాసినవాడెవడో తెలిసిన పాఠకుడు ఆశ్చర్యపడును: 130 డాలర్లకు సూపర్‌మాన్‌ను అమ్ముకొన్న జెర్రీ సీగెలే! తాను సృజించిన మహావీరుడు పరుల సొత్తైపోగా, ఆయన పరదేశపు పత్రికకు, దొంగను నాయకునిగా పెట్టి కథలు వ్రాసెను. అవి సముద్రము దాటి, శివకాశిలో తమిళము నేర్చి, తెలుగు మాటలాడు ఇండ్లకు వచ్చినవి. ఇంటి భాష కాకున్నను ఆ తమిళమే మాకు ఆ కథల భాష.

వెండితెరపై తెలుగు మహావీరుడు లేకపోలేదు. 1980లో నందమూరి తారక రామారావు కథానాయకుడుగా వి. మధుసూదనరావు దర్శకత్వమున 'సూపర్‌మాన్' వచ్చినది. అందు శక్తి పరగ్రహమునుండి గాక ఆంజనేయుని అనుగ్రహమునుండి లభించును. వల్లెవాటు అమెరికాది, వరము కిష్కింధది. చిత్రము గొప్పదని నేననను. కాని మనవారికి గ్రహములకంటె గుడి దగ్గరన్న సంగతి అందు స్పష్టపడినది.

ఇటీవలివానిలో రెండింటిని మాత్రము చెప్పి విరమింతును. 2023లో మడోన్ అశ్విన్ తీసిన తమిళచిత్రము 'మావీరన్', తెలుగున 'మహావీరుడు', మా ప్రాంతమువారికి కథవలె తోచదు. దినపత్రికకు మహావీరుని బొమ్మల కథ గీయు యువకుడు స్వయముగా పిరికివాడు. గుడిసెలు ఖాళీ చేయించి ప్రభుత్వము ఎక్కించిన బహుళ అంతస్తుల భవనమున గోడ ముట్టుకొన్న సున్నము రాలుచున్నది. 2021లో పుళియాన్తోపు కె.పి. పార్కు గృహములలో పెచ్చులూడిన వార్తలు చదివినవారికి ఆ దృశ్యము క్రొత్త కాదు. తలకు దెబ్బ తగిలిన పిమ్మట వాని చెవిలో ఒక అశరీరవాణి వాని కథనే ధైర్యవంతుని కథగా చెప్పుచు, ముందునకు త్రోయును. ప్రతినాయకుడు మంత్రి; మంత్రములు రావు, గుత్తేదారులు వత్తురు. ఇచ్చట వీరుని బలహీనత భయము. వాని జాంబవంతుడు చెవిలోని గొంతు.

2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ చిత్రము 'హను-మాన్'లోని ప్రతినాయకుడు మైకేల్ నాకు మరియు ఆసక్తికరుడు. వాడు బాల్యమునుండి మహావీరుల కథలు మేసి, మహావీరులందరికిని తలిదండ్రులు లేరని గ్రహించి, తానును మహావీరుడు కావలెనన్న తపనతో తన తలిదండ్రులను తానే కడతేర్చినవాడు. వాడు చదివినదానిలో అబద్ధము లేదు: సూపర్‌మాన్ అనాథ, బాట్‌మాన్ అనాథ. కథలోని దుఃఖమును అర్హతా పత్రముగా పొరబడిన పాఠకుడు వాడు. పల్లెటూరి నాయకునికి సముద్రగర్భమున దొరకిన మణి సూర్యకాంతి సోకినపుడు మాత్రమే బలమిచ్చును. రాత్రి వాడు మామూలు చిల్లర దొంగ. ఆ సంగతిని వెదకి కనిపెట్టవలసిన వంతు మరల ప్రతినాయకునిదే. అమెరికా ఏర్పాటు మన యాంజనేయుని క్షేత్రమునకును వచ్చి చేరినది.

ఆ చిత్రము చూచివచ్చిన నాడు కాశిమేడు వైపున ఒక వలలవాడు నాతో వాదమునకు దిగెను. పడవలు రేవు చేరి చేపల వేలము మొదలగునది తెల్లవారక మునుపు. దళారి ధర విరిచివేయునదియు, తూకమున మోసము జరుగునదియు, జగడములు ముదురునదియు ఆ చీకటిలోనే. "ఎండొచ్చాక బలమొచ్చే దొర మాకెందుకన్నా? ఆయనొచ్చేసరికి మా చేపలన్నీ అమ్ముడైపోతాయి" అని వాడనెను. మాయల మరాఠీని సిఫారసు చేసి చూచితిని. చిలుక యెక్కడున్నదో ముందు చెప్పుమని వాడడిగెను.